ఎనిమిదిన్నరకల్లా పొయ్యి ఆరిపోవాలి: గోదారి ఎండల్లో తక్కువ ఖర్చుతో వంట

మే నెలలో మా వీధిలో పొద్దున్న ఎనిమిదిన్నర దాటాక ఎవరింట్లోంచైనా కుక్కరు కూత వినబడిందంటే, ఆ ఇంటికి చుట్టాలైనా వచ్చి ఉండాలి, ఆ ఇంటావిడకి ఒంట్లో నలతగానైనా ఉండాలి. మిగతా పొయ్యిలన్నీ అప్పటికే ఆరిపోయి ఉంటాయి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఇంకో ఎత్తు. తొమ్మిది దాటాక వంటింట్లో నిలబడితే కట్టుకున్న చీర పిండుకోవాల్సిందే.

కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు అంత పొద్దున్నే హడావిడి పెట్టేది ఎండకి భయపడి అనుకునేదాన్ని. ఇంటి ఖర్చు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాక అసలు సంగతి బోధపడింది. సాయంత్రం మళ్ళీ వండితే మళ్ళీ పోపు, మళ్ళీ నూనె, మళ్ళీ ఉల్లిపాయలు. పొద్దుటి కూర మాత్రం సగం మిగిలి గేదె కుడితిలోకి పోతుంది. ఎండాకాలం డబ్బు కారిపోయేది బజార్లో కాదు, ఆ రెండో వంటలో. అందుకని మీరు చేయాల్సిందల్లా పొద్దున్న ఒక్కసారి వండి, రాత్రికి అదే వంటని రూపం మార్చి వడ్డించడం. అది ఎలాగో, నలుగురున్న ఇంటి కొలతలతో చెబుతాను.

బజారుకి వెళ్ళే ముందు

ముందు డబ్బాలు తీసి చూడండి. నవ్వకండి. పోయినేడాది మా ఇంట్లో మూడు చోట్ల మూడు పొట్లాల ఆవాలు దొరికాయి, మూడూ నేను కొన్నవే. ఉన్నవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, లేనివే కొనండి.

ధరలు నేను రాయను, ఇవాళ రాస్తే వారానికి పాతబడిపోతాయి. వారానికి సరిపడే కొలతలు మాత్రం ఇవి: బియ్యం 6 కిలోలు, పెసరపప్పు ముప్పావు కిలో, కందిపప్పు పావు కిలో, నూకలు కిలో, నూనె ముప్పావు లీటరు, పాలు రోజుకి అర లీటరు, ఉల్లిపాయలు కిలోన్నర, పచ్చిమిర్చి పావు, పుల్ల మామిడికాయలు రెండు కిలోలు, మిగతా కూరలు ఐదు కిలోలు. కందిపప్పు తగ్గించి పెసరపప్పు పెంచడం వేసవి కోసమే. ఒంటికి చలవ అని పెద్దవాళ్ళంటారు. నాకు కనబడే లాభం, అది తొందరగా ఉడుకుతుంది, గ్యాస్ తక్కువ తింటుంది.

బియ్యం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఏప్రిల్లో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలవుతాయి కాబట్టి మన వైపు వేసవిలో చవగ్గా దొరికేవి కొత్త బియ్యమే. కుక్కర్లో పెడితే ముద్దవుతాయని కొనడానికి జంకుతారు. కుక్కర్లో పెట్టకండి, వార్చండి. అన్నం పొడిపొడిగా వస్తుంది, పైగా చిక్కటి గంజి ఊరికే వస్తుంది. రేషన్ బియ్యం తెచ్చుకునేవాళ్ళు, కడిగేటప్పుడు పైకి తేలే కొన్ని గింజల్ని ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేస్తుంటారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారుచేసిన గింజలు, నూటికి ఒకటి చొప్పున కలిపినవి. పారేయకండి.

కూరలు కొనేటప్పుడు కిలో ధర అడిగి ఊరుకోకుండా, పూటకి ఎంత పడుతుందో లెక్క వేసుకోండి. కిలో బీరకాయ ఉడికితే గుప్పెడవుతుంది, నలుగురికి ఒక పూటకే సరి. కాకపోతే తొక్కుతో పచ్చడి వస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా తీసిపారేయలేం. బొంత అరటికాయ, కంద అలా తగ్గిపోవు. ఆనపకాయ (సొరకాయ) ఒకటి కొంటే సగం మజ్జిగ పులుసుకి, సగం మర్నాడు పప్పులోకి. గోదారి మధ్యనున్న లంక గ్రామాల నుంచి వంకాయ, దొండ, దోసకాయ పొద్దున్నే వస్తాయి. తాజా సరుకు కావాలంటే అప్పుడు వెళ్ళాలి, ధర తగ్గాలంటే దుకాణం సర్దేసే వేళ వెళ్ళాలి. దోసకాయ, గుమ్మడికాయ, కంద లాంటివి రెండో వేళకి వదిలేయండి, అవి వాడిపోయే సరుకు కాదు. ఆకుకూర మాత్రం పొద్దున్నే కొనాలి. వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేశాక ఎండకి ముదిరిపోతుంది కాబట్టి రెండు ఆకులు తుంచి చూసి మరీ తీసుకోండి. తోటకూర కాడలు పారేయకండి, పులుసులో వేస్తే ములక్కాడలా నములుకోవచ్చు.

ఈదురుగాలి వచ్చిన మర్నాడు మాత్రం తప్పకుండా బజారుకి వెళ్ళండి. గాలికి పడిపోయిన అరటి చెట్ల గెలలు, రాలిన మామిడికాయలు ఆ రోజు అడిగినంతకే ఇచ్చేస్తారు. రైతుకి అది నష్టమే పాపం. మనం కొంటే అతనికి కాస్తయినా చేతికొస్తుంది.

పొద్దున్న వంట, వరసగా

రాత్రి పడుకునే ముందు పాలు తోడుపెట్టండి. ఈ వేడికి నాలుగైదు గంటల్లో పేరుకుంటుంది కాబట్టి తోడు బాగా తగ్గించి, గిన్నెని నీళ్ళ పళ్ళెంలో ఉంచండి. లేకపోతే తెల్లారేసరికి పులిసిపోతుంది. పులిసినా కంగారు లేదు, పులుసుకి పనికొస్తుంది.

ఆరింటికి లేచి రెండు గ్లాసుల బియ్యం కడిగి నానెయ్యండి. మొదటి కడుగు మొక్కలకి, రెండో కడుగు చారుకి తీసి పెట్టుకోండి. చారుకి కాస్త చిక్కదనం వస్తుంది. అరగంట నానాక ఒక పొయ్యి మీద పది గ్లాసుల నీళ్ళు ఎసరు పెట్టి, మరిగి తెర్లాక బియ్యం వెయ్యండి. ఎనిమిది, పది నిమిషాల్లో మెతుకు పట్టుకుంటే మధ్యలో చిన్న పలుకు తగులుతుంది. అప్పుడే పొయ్యి కట్టేసి, గంజి వార్చి, మూతపెట్టి వదిలేయండి. ఆ ఆవిరికే ఉమ్మగిలుతుంది.

రెండో పొయ్యి మీద కుక్కరు. కింద గిన్నెలో టీ గ్లాసుడు పెసరపప్పు, నాలుగు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు. పై గిన్నెలో ఒక పక్క ఆనపకాయ ముక్కలు, ఇంకో చిన్న గిన్నెలో చెక్కు తీసిన మామిడికాయ ముక్కలు. రెండు కూతలు చాలు. మామిడికాయని పప్పుతో కలిపి మాత్రం పెట్టకండి. పులుపు తగిలితే పప్పు ఉడకదు. పెళ్ళైన కొత్తలో నేను ఒకే గిన్నె కడుక్కుంటే సరిపోతుందని తెలివిగా రెండూ కలిపి పెట్టాను. ఆరు కూతలొచ్చినా పప్పు పలుకుపలుకుగానే ఉంది. మా మామగారు ఏమీ అనకుండా పెరుగు వేసుకుని తినేసి లేచిపోయారు. ఆయన తిట్టినా బాగుండేది.

కుక్కరు దిగాక పప్పు మీద తేరిన కట్టు ఒక గిన్నెలోకి వంచుకోండి. అడుగున మిగిలిన చిక్కటి పప్పులో సగం మామిడికాయ గుజ్జు, ఉప్పు, కారం కలిపితే మధ్యాహ్నానికి మామిడికాయ పప్పు. కట్టులో మిగతా గుజ్జు, బియ్యం కడుగు, చిన్న బెల్లంముక్క, రెండు పచ్చిమిరపకాయలు వేసి బాగా తెర్లనిస్తే రాత్రికి కట్టుచారు. చింతపండు ఖర్చు లేదు. మజ్జిగ పులుసుకి ఆనపకాయ ముక్కల్లోకి చిలికిన పుల్లటి మజ్జిగ పోయాలి. దానికి ముందుగా చెంచాడు బియ్యం నానబెట్టి అల్లం, పచ్చిమిర్చితో నూరి మజ్జిగలో కలపండి. సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే నురగ పొంగుతుంది. అప్పుడే దించెయ్యండి, తెర్లితే విరిగిపోతుంది. బియ్యం నూరే ఓపిక లేకపోతే చెంచాడు శనగపిండి కలపండి, రుచి వేరుగా ఉంటుంది కానీ పని జరుగుతుంది.

పోపు ఒక్కటే. పెద్ద గరిటెలో నాలుగు చెంచాల నూనె, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేసి పప్పులో కొంచెం, చారులో కొంచెం, పులుసులో కొంచెం పంచండి. మూడు పోపులకి పెట్టే నూనె ఒక పోపులో సరిపోయింది. నూనె సీసా ఎత్తి పొయ్యడం మానేసి చెంచాతో కొలవడం మొదలుపెట్టిన నెల నుంచీ మా ఇంట్లో ప్యాకెట్టు లెక్క మారిపోయింది.

ఇంతా చేసినా ఎనిమిదింపావు కాదు.

మామిడికాయ ఉండగా కూర ఎందుకు?

మార్చి చివరి నుంచి జూన్ దాకా మన జిల్లాల్లో కూర లేదని బాధపడక్కర్లేదు. ఒక్క పుల్లకాయ కూర పని చేస్తుంది, చింతపండు పని చేస్తుంది, పచ్చడి పని చేస్తుంది.

వడపప్పు శ్రీరామనవమికే అనుకుంటాం. పెసరపప్పు గంట నానబెట్టి, నీళ్ళు వంచేసి, మామిడి తురుము, కొబ్బరి కోరు, పచ్చిమిర్చి, ఉప్పు కలిపితే పొయ్యితో పనే లేని సాయంత్రపు తిండి. పిల్లలకి బిస్కెట్ ప్యాకెట్ కొనే బదులు ఇది పెట్టి చూడండి. మొదటి రోజు మొహం చిట్లిస్తారు, మూడో రోజు వాళ్ళే గిన్నె తెచ్చుకుంటారు.

కొబ్బరి మామిడికాయ పచ్చడికి అరచెక్క కొబ్బరి, ఒక చిన్న కాయ, నాలుగు పచ్చిమిరపకాయలు చాలు. కోనసీమలో అయితే చెక్కకి వెతుక్కునే పనే లేదు, పెరట్లో రాలిన కాయ ఉంటుంది. ఒక్క జాగ్రత్త: పచ్చి కొబ్బరి ఈ ఎండకి మధ్యాహ్నం దాటితే పాడైపోతుంది. భోజనాల దగ్గరే అవగొట్టేయండి.

పచ్చిపులుసుకి ఉడికిన మామిడి గుజ్జు, నీళ్ళు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, బెల్లం, ఉప్పు ఉంటే చాలు. దాని పక్కన రెండు వడియాలు పడితే నాకు విందు భోజనమే.

మామిడికాయ దొరకని రోజుల్లోనూ పారేసే వాటిని ఒకసారి చూడండి. పుచ్చకాయ తిన్నాక ఎర్ర కండకీ ఆకుపచ్చ తొక్కకీ మధ్యనుండే తెల్లటి భాగం దోసకాయలాగే పప్పులోకి బాగుంటుంది. పనసతొనలు తిన్నాక పిక్కలు నీడన ఆరబెట్టి ఉంచుకుంటే, ఉడకబెట్టి పొట్టు తీసి కూర చేసుకోవచ్చు. పనసకాయ ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు కాబట్టి ఆ పూట కూర ఊరికే వచ్చినట్టే.

రాత్రికి ఏం పెట్టాలి

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పొద్దున్న ఏడింటికి వండిన అన్నం ఈ వేడిలో రాత్రి ఎనిమిది దాకా బయట ఉంచి తినకండి. పూర్వం తినేవారు కదా అంటారు. పూర్వం కడుపునొప్పులూ ఉండేవి. ఫ్రిజ్ ఉంటే రాత్రి భాగం ముందే వేరే గిన్నెలోకి తీసి, ఆవిరి తగ్గగానే లోపల పెట్టేయండి. చిక్కటి పప్పు మధ్యాహ్నమే అయిపోవాలి. కట్టుచారుని రాత్రి ఐదు నిమిషాలు తెర్లించాకే వడ్డించండి. పగలంతా అందులో ఎంగిలి గరిటె, తడి చెయ్యి తగలకూడదు.

ఫ్రిజ్ లేకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, చీకటి పడ్డాక ఒక్క అన్నమే వండుకుని కట్టుచారుతో, మజ్జిగతో తినడం. రెండోది ఉప్పుడుపిండి, నాకు అదే ఇష్టం. మిల్లు దగ్గర నూకలు బియ్యం కన్నా చవగ్గా వస్తాయి. చెంచాన్నర నూనెలో పోపు వేసి, గుప్పెడు నానిన పెసరపప్పు, గ్లాసు నూకకి రెండు గ్లాసుల నీళ్ళు, ఉప్పు వేసి, నీళ్ళు మరిగాక నూక పోసి, మూతపెట్టి సన్నసెగ మీద పావుగంట. అడుగున పట్టిన మాడు కోసం మా ఇంట్లో గొడవలు జరుగుతాయి. గ్లాసున్నర నూకకి నలుగురి కడుపు నిండుతుంది. ఆవకాయ ఉంటే ఇంకేం అక్కర్లేదు.

గంజి, చద్దన్నం, తరవాణి

వార్చిన గంజిని చల్లారాక ఉప్పు, గరిటెడు మజ్జిగ, నలిపిన కరివేపాకు వేసి పదకొండింటికి తలా ఒక గ్లాసు ఇవ్వండి. పొలం నుంచో, స్కూటర్ మీద బజారు నుంచో వచ్చినవాళ్ళకి కూల్ డ్రింక్ కన్నా నయం. అరలీటరు పాల పెరుగులో సగం భోజనాలకి వాడి, మిగతా సగానికి మూడింతల నీళ్ళు పోసి చిలికితే సాయంత్రం దాకా మజ్జిగ వస్తుంది.

రాత్రి వండిన అన్నం మిగిలితే అప్పటికప్పుడే నీళ్ళు పొయ్యాలి, పొద్దున్న చూద్దాంలే అనుకోకూడదు. అన్నం వండిన రెండు గంటల్లోపు, మెతుకులన్నీ మునిగి పైన రెండు వేళ్ళ నీళ్ళు నిలిచేలా పోసి, ఒక చెంచాడు మజ్జిగ కలిపి, మట్టి పిడతలో పెట్టి పల్చటి గుడ్డ కట్టండి. తెల్లారేసరికి చిరుపులుపు వాసన రావాలి. ఉప్పు వేసి, చేత్తో చిదిపి, కొంచెం పెరుగు కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవకాయ బద్దతో తింటే పదకొండింటి వరకూ ఆకలి ఊసుండదు. పొద్దుటి టిఫిన్ ఖర్చు మొత్తం మిగిలినట్టే. ఇడ్లీపిండి ప్యాకెట్టు కొనడం మానేశాను ఆ దెబ్బతో.

చేత్తో ఎత్తితే జిగురు తీగలా సాగినా, రంగు మారినా, ముక్కు ముడుచుకునే వాసన వచ్చినా ఆశపడకండి, పారేయండి. అరగ్లాసు బియ్యం పోతుంది, అంతే. ఆస్పత్రి ఖర్చు దానికన్నా ఎక్కువ. చంటిపిల్లలకీ, ఒంట్లో బాగోలేనివాళ్ళకీ పెట్టొద్దు.

తరవాణి ఇంకో మెట్టు పైన. దీనికి విడిగా ఒక కుండ ఉంటుంది. వార్చిన గంజి, బియ్యం కడుగు, ఉప్పు, రెండు దబ్బాకులు వేసి కదపకుండా ఉంచితే రెండు మూడు రోజులకి పులుస్తుంది. ఆ పైన రోజూ కొంత తీసుకోవడం, కొంత కొత్త గంజి పొయ్యడం. రాత్రి అన్నం అందులో వేసి పొద్దున్న పిల్లలకి పెట్టేవారు. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ తరవాణి కుండ దగ్గరికి మమ్మల్ని రానిచ్చేది కాదు. చెయ్యి పెడితే పాడవుతుందని. ఇప్పుడు దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండే ఓపిక అందరికీ ఉండదు, పైగా పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. ఇంట్లో చేతి అలవాటు ఉన్న పెద్దావిడ లేకపోతే చద్దన్నంతో సరిపెట్టుకోమనే నా సలహా.

నీచు తినేవాళ్ళకి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో సముద్రపు వేట నిషేధం, మొత్తం 61 రోజులు. ఆ రోజుల్లో సముద్రపు చేపకి డబ్బు పొయ్యకండి. చెరువు చేపలు, శీలావతీ బొచ్చెలూ, దొరుకుతూనే ఉంటాయి కానీ వారం వారం కొనాలంటే బడ్జెట్ దాటుతుంది. ఎండు నెత్తళ్ళు, రొయ్యపొట్టు ఈ కాలానికి సరైనవి. నలుగురికి నూరు గ్రాములు చాలు. ముందు ఉత్త మూకుట్లో వేయించి, తలలు తుంచి, గోరువెచ్చటి నీళ్ళలో రెండు మూడుసార్లు కడగండి, ఇసుకా ఉప్పూ పోతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక పుల్ల మామిడికాయ ముక్కలు, ఎండుచేపలు, కారం, కాసిని నీళ్ళు వేసి దగ్గరపడనివ్వండి. కూరలో ఉప్పు ఆఖరున, రుచి చూశాకే. ఎండు చేపలు కొనే దుకాణంలో చేత్తో విరిచి చూడండి, ఫటుక్కున విరగాలి. వంగిందంటే తేమ ఉన్నట్టు, తూకానికి నీళ్ళు కొంటున్నట్టు.

వాసన పక్కింటికి వెళుతుంది. అందుకని ఒక గిన్నె పక్కింటికి కూడా పంపండి.

ఎండని ఊరికే పోనివ్వకండి

రాలిన మామిడికాయలు ఆవకాయకి పనికిరావు, దెబ్బ తగిలిన చోట కుళ్ళుతాయి. ఒరుగులకి మాత్రం భేషుగ్గా ఉంటాయి. దెబ్బ భాగం కోసేసి, చెక్కు తీసి, పలచగా తరిగి, కిలోకి గుప్పెడు ఉప్పు, అరచెంచా పసుపు కలిపి ఒక రాత్రి ఉంచండి. ఊరిన నీళ్ళు పిండి, మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో పెడితే గలగలలాడతాయి. గాజు సీసాలో పొయ్యండి. వర్షాకాలంలో నాలుగు ముక్కలు నీళ్ళలో నానబెడితే పప్పుకి పులుపు అమరుతుంది, చింతపండు సగానికి సగం తగ్గుతుంది.

గంజి ఎక్కువైన రోజు పిండి వడియాలు పెట్టుకోండి. బియ్యప్పిండిని గంజిలో జారుగా కలిపి, ఉప్పు, జీలకర్ర, నూరిన పచ్చిమిర్చి వేసి, గరిటెకి అంటుకునేలా ఉడికించి, తడిగుడ్డ మీద చెంచాతో పెట్టడమే. పెట్టేది మేడ మీదైతే ఏడు లోపే పెట్టి దిగిపోవాలి, తర్వాత కాళ్ళు కాలతాయి. కాకుల కోసం పక్కన కర్రకి నల్లగుడ్డ కట్టండి. మా ఇంట్లో ఈ కాపలా సెలవులకొచ్చిన మా మనవడికి అప్పజెప్పాను. కాకులు ఒక్కటీ ముట్టుకోలేదు. వడియాలు మాత్రం సగం పచ్చిగా ఉండగానే రెండు వరసలు తగ్గిపోయాయి.